టెక్ సందేహాలు: ఆ సైరన్ మోత ఆపేయొచ్చా?

వాన హెచ్చరిక అంటూ ఫోన్ ఉన్నట్టుండి సైరన్‌లా మోగుతోంది. మా అమ్మగారికి గుండె దడ. దాన్ని ఆపడం ఎలా?
– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

వానలు మొదలైతే ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. సింగ్‌నగర్ నుంచి రావడమే ఆశ్చర్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మీ వీధుల్లోకి వచ్చినప్పుడు మేడ మీద చిక్కుకుని, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి ఎంతమంది అల్లాడారో మీకు నేను చెప్పాలా? అమ్మగారి ఫోన్‌లో ఆపేయండి, మీ ఫోన్‌లో వద్దు. సెట్టింగ్స్‌లో 'ఎమర్జెన్సీ అలర్ట్స్' అని వెతకండి. ఒక్కో ఫోన్‌లో ఒక్కో మూల దాస్తారు, అప్‌డేట్ వస్తే మళ్లీ చోటు మారుస్తారు. తయారుచేసేవాళ్లు కరెంటు లేని రాత్రి, తడి చేతులతో ఒక్కసారి వెతికి చూస్తే బాగుండు.

ఆ మోత సెల్ టవర్ నుంచి నేరుగా వస్తుంది. డేటా ఆపేసినా వస్తుంది. దాని కోసం మీరు ఏ యాప్ వేసుకోనక్కర్లేదు.

నా భయం ఆ మోత గురించి కాదు, చప్పుడు లేకుండా వాట్సాప్‌లో వచ్చే ఫైలు గురించి. 'వరద సాయం అర్హుల లిస్టు' అని పేరుంటుంది, చివర ఏపీకే (.apk) అని ఉంటుంది, అంటే అది లిస్టు కాదు, ఫోన్‌లోకి ఎక్కే యాప్. పంపింది మీ బావమరిదే కావచ్చు. పాపం, ఆయన ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు. తెలియని యాప్‌కి అనుమతి ఇవ్వమని ఫోన్ అడుగుతుంది, మనం ఓకే కొట్టేస్తాం. తర్వాత ఎస్ఎంఎస్‌లు చదవనివ్వమంటుంది, దానికీ ఓకే. అక్కడితో సరి, ఇక ఓటీపీలు మీకంటే ముందు వాళ్లు చదువుతారు. లిస్టు చూడటానికి మీ ఎస్ఎంఎస్‌లతో పనేమిటి? ఈ ఒక్క ప్రశ్న ఎవరూ వేసుకోరు, అదే నాకు మండుకొచ్చేది. ఇప్పటికే వేసేసుంటే ముందు ఆ ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి. డబ్బు పోయిన గంటలోపు చేసిన ఫోనుకూ మర్నాడు చేసినదానికీ చాలా తేడా ఉంటుంది.

ఇన్వర్టర్ కింది అంతస్తులో ఉంది. నీళ్లొస్తే మెయిన్ దించేస్తే చాలదా?
– గుంటూరు నుంచి

చాలదు. మీరు మెయిన్ దించగానే అది కరెంటు పోయిందనుకుని పని మొదలుపెడుతుంది, మునిగిన ప్లగ్గుల్లోకి 230 వోల్టులు పంపుతుంది. వీధంతా చీకటిగా ఉందని ధైర్యంగా నీళ్లలో దిగడం అందుకే ప్రమాదం. హెచ్చరిక రాగానే, నేల ఇంకా పొడిగా ఉండగానే, ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపి, ఎలక్ట్రీషియన్‌తో బ్యాటరీ వైర్లు తీయించి పైకి చేర్పించండి. ఆలస్యమై నీళ్లు వచ్చేస్తే దాని దగ్గరికి వెళ్లకండి, పోతే పోయింది. నీళ్లలో నానిన పవర్‌బ్యాంకునీ, ఈ-స్కూటర్ బ్యాటరీనీ ఎండబెట్టి చార్జింగ్ పెట్టే ప్రయోగం మాత్రం వద్దు, ఇంట్లోనే అంటుకుంటాయి.