వణుకే ఫ్లట్టర్‌లా కనిపిస్తే

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు. పార్కిన్సన్స్ వల్ల కుడిచెయ్యి వణుకుతుంది. ఈసీజీ కాగితంపై మెషిన్ ‘ఏట్రియల్ ఫ్లట్టర్’ అని ప్రింట్ చేసింది. నాడి మాత్రం సమంగానే ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: మెషిన్ రాసిన మాటను అంతిమ తీర్పుగా తీసుకోకండి. పార్కిన్సన్స్ వణుకు సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉంటుంది, అంటే నిమిషానికి 240–360. ఫ్లట్టర్ అంటే గుండె పై గదులు అతివేగంగా కొట్టుకోవడం; దాని అలలూ నిమిషానికి సుమారు 300. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదులుతుంది కాబట్టి రెండూ పెద్ద గడికొకటి చొప్పున రంపపు పళ్లలా పడతాయి.

ఈసీజీలో ఒక్కో ఎలక్ట్రోడ్ల జత మధ్య గీసిన గీతను లీడ్ అంటారు. లీడ్ 3 చూడండి. అందులో కుడిచేతి ఎలక్ట్రోడ్ పాత్ర లేదు. లీడ్ 1, 2లో పళ్లుండి, లీడ్ 3 శుభ్రంగా ఉండి, ప్రతి క్యూఆర్ఎస్ (గుండె కింది గదుల పెద్ద ముల్లు) ముందూ ఒక పీ తరంగం (పై గదుల చిన్న అల) కనిపిస్తే అది దాదాపుగా వణుకే. నాడి సమంగా ఉండటం ఒక్కటే చాలదు. నిజమైన ఫ్లట్టర్‌లోనూ అది సమంగా, తరచు 150 దగ్గర నడుస్తుంది.

ఈసీజీ మళ్లీ తీయించండి. చేతుల ఎలక్ట్రోడ్లను మణికట్టు నుంచి భుజం దగ్గరికి మార్చమనండి, చేతిని దిండుపై ఆనించి దుప్పటి కప్పండి. ఫ్లట్టర్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే, రక్తం పలచబరిచే మందు కొత్తగా మొదలుపెట్టాలా అన్నది ఆ కొత్త కాగితం చూశాక డాక్టరు తేలుస్తారు. ఇప్పటికే వాడుతుంటే మీరుగా ఆపకండి.