అమ్మ మోకాళ్ల ఆపరేషన్‌కు ఇంకా ఎనిమిది నెలలు ఆగాలి.. అప్పు చేసి ఇప్పుడే చేయించేయనా?

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు ఉద్యోగం, చేతికి వచ్చే జీతం 58 వేలు. అమ్మకు 66 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మోకాలి కీళ్ల మార్పిడి చేయించాలని డాక్టర్ చెప్పారు, ఏడాదిలోపు ఎప్పుడైనా ఫర్వాలేదన్నారు. అమ్మ పేరిట 5 లక్షల హెల్త్ పాలసీ తీసుకుని 28 నెలలైంది. కీళ్ల మార్పిడికి 36 నెలల వెయిటింగ్ పీరియడ్ ఉందట, అది ముగిసేదాకా క్లెయిమ్ ఇవ్వరట. 20 శాతం కో-పే కూడా ఉంది, అంటే బిల్లులో అంత వాటా మేమే కట్టుకోవాలి. ఆస్పత్రిలో రెండు మోకాళ్లకూ నాలుగున్నర లక్షలు చెప్పారు. అమ్మ రాత్రుళ్లు నొప్పితో నిద్రపోవడం లేదు, చూడలేకపోతున్నాను. పర్సనల్ లోన్ 3 లక్షలు వస్తుంది. మిగతాది క్రెడిట్ కార్డు, లోన్ యాప్‌తో సర్దుదామనుకుంటున్నా. ఎలాగూ అక్కరకు రాని పాలసీ కాబట్టి వచ్చే ప్రీమియం 31 వేలు కట్టకుండా ఈఎంఐలకు వాడుకోవచ్చా? మందులకు, ఫిజియోథెరపీకి ఇప్పటికే కార్డు మీద 46 వేలు బాకీ ఉంది. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 8 వేలు సిప్ కడుతున్నా, అందులో 2.10 లక్షలు ఉన్నాయి. బ్యాంకులో 12 వేలు.

జవాబు: మీరు చివర్లో రాసిన ఆ 12 వేల దగ్గరే మొదలుపెడతాను. అరవై ఆరేళ్ల తల్లి ఉన్న ఇంట్లో, నెల జీతంలో పావు వంతు కూడా లేని డబ్బు చేతిలో పెట్టుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు. సిప్ మాత్రం ఒక్క నెలా తప్పలేదు. నాకు వచ్చే ఉత్తరాల్లో ఈ తంతు కొత్తేం కాదు. సిప్ ఉంటుంది, పాలసీ ఉంటుంది, అత్యవసర నిధి ఉండదు. మందుల షాపులో బిల్లు రాగానే కార్డు గీకుతారు. నెలాఖరుకు మినిమమ్ డ్యూ కట్టి హమ్మయ్య అనుకుంటారు. ఆ మిగిలిన బాకీ మీద చాలా కార్డు కంపెనీలు నెలకు 3 శాతం పైనే వేస్తాయి. అంటే మూడు రూపాయల వడ్డీ దాటిపోయింది. ఊళ్లో ఎవరైనా ఆ రేటు చెబితే మీరు గుమ్మం కూడా తొక్కరు.

ముందు పాలసీ సంగతి. దయచేసి ప్రీమియం ఆపకండి. వెయిటింగ్ పీరియడ్‌ను మధ్యలో తెగకుండా లెక్కపెడతారు. మీ 36 నెలలు ముగిసే రోజూ, మూడో రెన్యువల్ తేదీ ఒకటే. ఆ 31 వేలు కట్టకపోతే 28 నెలలుగా ఎదురుచూసిందంతా పోతుంది. 66 ఏళ్ల వయసులో, మోకాళ్లు అరిగాయన్న రిపోర్టులతో కొత్త పాలసీకి వెళితే మళ్లీ మొదటి నుంచి లెక్క. గడువు దాటాక కట్టడానికి గ్రేస్ పీరియడ్ 30 రోజులు ఉంటుంది కదా అని చివరి దాకా లాగకండి. ఆ మధ్య రోజుల్లో ఆస్పత్రిలో చేరితే క్లెయిమ్ రాదు. కొత్త ఏడాది మొదలైందన్న కాగితం చేతికొచ్చాకే ఆపరేషన్ తేదీ పెట్టించుకోండి. ఒక్కరోజు ముందు అడ్మిట్ చేసినా మొత్తం బిల్లు మీదే.

ఇక అప్పు. 3 లక్షలు మూడేళ్లకు 15 శాతం వడ్డీతో తీసుకుంటే ఈఎంఐ సుమారు 10,400. మూడేళ్లలో వడ్డీయే 74 వేలు. మిగతా లక్షన్నర కార్డు, యాప్‌ల నుంచి తెస్తే మూడు రూపాయల లెక్కన నెలకు 4,500 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. మీ జీతంలో పావు వంతు ఎగిరిపోయి, పాలసీ కూడా రద్దయిన ఇంట్లో అమ్మగారికి ఆపరేషన్ తర్వాత ఏ ఇన్ఫెక్షనో వస్తే ఏం గీకుతారు? లోన్ యాప్ గురించి నాకు మర్యాదగా రాయడం చేతకాదు. వదిలేయండి.

అయితే ఎనిమిది నెలలు అమ్మ నొప్పితో ఉండాలా అంటారు. మీరు అడగాల్సిన అసలు ప్రశ్న అదే. ఈ ఎనిమిది నెలల ఖర్చులో ఇన్సూరెన్స్ నుంచి దాదాపు ఏమీ రాదు. ఫిజియోథెరపీ, నెలనెలా మందులు, ఎక్స్‌రేలు.. అడ్మిట్ అయితేనే డబ్బిచ్చే పాలసీకి ఇవేవీ పట్టవు. ఈ ఖర్చంతా అత్యవసర నిధి నుంచే రావాలి.

మా ఇంట్లోనే జరిగింది చెబుతా. ఒకసారి మా అమ్మ దిండు కింద నొప్పి మాత్రల అట్టలు మూడు దొరికాయి. డాక్టర్ రోజుకొకటి రాస్తే, మెట్లెక్కాల్సిన రోజు రెండు వేసుకునేదట. ఫిజియోథెరపీకి డబ్బు దండగ అని తనే మానేసింది. తర్వాతి రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి కనిపించింది. ఆ పరీక్షలకు, కిడ్నీ డాక్టర్ ఫీజులకు పాలసీ నుంచి రూపాయి రాలేదు. అడ్మిట్ కాలేదు కదా! మీ అమ్మగారు బీపీ మాత్రలు వాడుతుంటే నొప్పి మాత్రల మోతాదు డాక్టర్‌ను అడిగే వేయించండి. పెద్దవాళ్లు మన చేతిలో డబ్బు లేదని గ్రహిస్తే అడగడం మానేసి మాత్ర మింగేస్తారు.

కాబట్టి సిప్‌లోంచి 1.80 లక్షలు తీయండి. మార్కెట్ పెరుగుతుందేమో అన్న బెంగ వద్దు. ఏ ఫండూ ఏటా 36 శాతం ఇస్తానని మాట ఇవ్వదు, కార్డు మాత్రం అంత కచ్చితంగా వసూలు చేస్తుంది. అందులో 46 వేలు కార్డుకు కట్టేసి బాకీ సున్నా చేయండి. మిగిలిన 1.34 లక్షలు మీ జీతం పడే ఖాతాలో కాకుండా వేరే ఖాతాలో పెట్టండి. ఎనిమిది నెలలు సిప్ ఆపండి. ఆ 8 వేలలో ఆరు వేలు అమ్మగారికి ఫిజియోథెరపీ, మందులు, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కమ్మీ, ఎత్తు పెంచే కమోడ్ సీటు, చేతికర్రకు. కర్ర నొప్పి ఎక్కువున్న మోకాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి, చాలామంది తప్పు చేతిలో పట్టుకుంటారు. బరువు ఎక్కువుంటే ఒక్క కిలో తగ్గినా అడుగు వేసినప్పుడు మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. దానికి ఖర్చేమీ లేదు.

నెలకు మిగిలే 2 వేలు కూడా ఆ ఖాతాలోకే. ఎనిమిది నెలలకు లక్షన్నర అవుతుంది. ప్రీమియం 31 వేలు పోతే 1.19 లక్షలు. మీ కో-పే లెక్కన నాలుగున్నర లక్షల బిల్లులో 90 వేలు మీరే కట్టాలి. మిగిలిన 29 వేలు గ్లోవ్స్, ఇతర సామాగ్రి అంటూ బిల్లులో కోసేసే వాటికి, ఇంటికొచ్చాక ఫిజియోథెరపీకి. అప్పు లేదు. రూమ్ అద్దెకు పరిమితి ఉంటే దాన్ని దాటకండి. దాటితే మిగతా చాలా చార్జీల్లోనూ అదే నిష్పత్తిలో కోస్తారు.

మీ కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకోనిస్తారేమో రేపే హెచ్‌ఆర్‌ను అడగండి. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు వెయిటింగ్ ఉండదు. ఉచిత వైద్యానికి కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 70 ఏళ్లు నిండిన వాళ్లకే. పీఎఫ్‌లో వైద్య ఖర్చుకు అడ్వాన్స్ ఉంది, కానీ అది ఆఖరి దారి.

మధ్యలో మోకాలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, కాలు కదపలేకపోయినా వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. ఆయన ఇక ఆగొద్దంటే నా లెక్కలన్నీ పక్కన పెట్టండి. అప్పుడు కూడా ముందు ఈ నిధి, చాలకపోతే బ్యాంకులో బంగారం మీద లోన్.

ఇవాళే ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి: కీళ్ల మార్పిడికి వెయిటింగ్ పీరియడ్ కచ్చితంగా ఏ తేదీతో ముగుస్తుంది, మోకాలిలో అమర్చే ఇంప్లాంట్‌కు విడిగా ఏదైనా పరిమితి ఉందా? ఫోన్లో చెప్పించుకోకండి, రాతపూర్వకంగా తెప్పించుకోండి.