జీతంలో పన్ను కోత చూసి పిల్లలు నిలదీస్తే ఏం చెప్పాలి?

మీ తొమ్మిదేళ్ల అబ్బాయి మీ పే స్లిప్పులో కోత చూసి, "ఇంత డబ్బు ఎందుకు తీసేసుకున్నారు? మీరెందుకు ఊరుకున్నారు?" అని అడిగాడని రాశారు. పెద్దయ్యాక తెలుస్తుందిలే అని అప్పటికి దాటవేశారు. ఇప్పుడు వాడికీ, పన్నెండేళ్ల వాళ్లక్కకూ పన్నుల సంగతి విసుగు పుట్టకుండా ఎలా చెప్పాలన్నది మీ ప్రశ్న. పన్నుల లెక్కలు చూడటమే నా ఉద్యోగం. ఇద్దరు పిల్లలకు ఇంచుమించు ఈ వయసుల్లోనే ఇదంతా చెప్పాను కనుక ఏది పనిచేసిందో రాస్తాను. వాడి ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. రెండోదే గట్టిది, దానికి చివర్లో వస్తాను.

ముందు ఒక పని చేయవద్దంటాను. పిల్లలు దాచుకున్న నాణేల్లోంచి కొన్ని తీసేసుకుని "చూశావా, పన్నంటే ఇదే" అని నవ్వే తల్లిదండ్రులు చాలామంది. చూడటానికి సరదాగానే ఉంటుంది. కానీ అందులో తీసుకోవడం తప్ప ఇంకేమీ లేదు. ఎంత తీసుకోవాలో పిల్లవాడిని అడగలేదు, తీసుకున్నది దేనికి ఖర్చయిందో చెప్పలేదు, వాడికి తిరిగి దక్కిందీ ఏమీ లేదు. బలమున్నవాడు లేనివాడి దగ్గర లాక్కోవడమే పన్ను అని వాడు తేల్చుకుంటాడు. చరిత్రలో చాలాకాలం పన్ను అలాగే నడిచింది, ఆ మాట కూడా దాచనక్కర్లేదు. మొదటి పాఠంగా మాత్రం వద్దు.

"పన్ను ఎందుకు కట్టాలంటే..." అని మొదలుపెడితే ఉపన్యాసమవుతుంది. "దీనికి డబ్బు ఎవరిచ్చారు?" అని అడిగితే మిగతాది పిల్లలే లాక్కొస్తారు. బడికి నడిచి వెళ్తూ, టికెట్ కొనకుండా మనం వాడుకుంటున్నవి వెతకడం మా ఇంట్లో ఒక ఆట. కాలిబాట, వీధి దీపం, సిగ్నల్, చెట్టు నీడ. చెట్టు లెక్కలోకి వస్తుందా రాదా అన్న వాదన ఇప్పటికీ తేలలేదు. ఒకసారి మావాడు మ్యాన్‌హోల్ ఇనుప మూత మీద నిలబడి దీని కింద ఏముందన్నాడు. మన స్నానాల గదిలో పారబోసిన నీళ్లు ఇటే పోతాయన్నాను.

"అయితే మన గొట్టానికి మనం డబ్బు ఇచ్చుకుంటే సరిపోదా?"

సరే, ఎక్కడిదాకా వేద్దామన్నాను. వీధి చివరిదాకా అన్నాడు. అక్కడ వదిలేస్తే ఆ చివరి ఇంటివాళ్లు ఊరుకుంటారా? కాస్త ముందుకు వేద్దామన్నాడు. అక్కడా ఎవరో ఒకరు ఉంటారు. అలా పొడిగించుకుంటూ పోయి, ఊరి బయట మురుగుశుద్ధి కేంద్రం దాకా వెళ్లాల్సి వచ్చింది. దారిలో వాలు సరిపోనిచోట పంపులు కావాలి, పంపులకు కరెంటు కావాలి, అర్ధరాత్రి ఎక్కడో పూడుకుపోతే తీయడానికి మనిషి కావాలి. పక్కింటివాళ్లూ ఎదురింటివాళ్లూ ఎవరి గొట్టం వాళ్లు వేసుకుంటే వీధిలో నడవడానికి చోటుండదని వాడికే తోచింది. అందరూ కలిసి ఒక పెద్దది వేసుకుంటే పోలేదా అన్నాడు. నేను చెప్పాల్సింది వాడే చెప్పేశాడు.

పన్నెండేళ్లవాళ్లకు ఇదే విషయం లండన్ కథగా చెప్పవచ్చు. 1858 వేసవిలో థేమ్స్ నదిలో చేరిన మురుగు ఎంత కంపు కొట్టిందంటే, ఒడ్డునే ఉన్న పార్లమెంటులో సభ్యులు కూర్చోలేకపోయారు. కిటికీ తెరలను బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లలో తడిపి వేలాడదీశారు. అంతకుముందు కలరాతో వేల మంది పోతున్నా నానుతూ వచ్చిన పని, కంపు సభ్యుల ముక్కులకు తగలగానే కొద్ది వారాల్లో చట్టమైంది. జోసెఫ్ బజల్‌జెట్ అనే ఇంజినీరు నగరం కింద కట్టించిన మురుగు సొరంగాలు చాలావరకు నేటికీ పనిచేస్తున్నాయి. ఎంత డబ్బున్నవాడైనా తన ఇంటిముందు నదిని ఒక్కడే శుభ్రం చేయించుకోలేకపోయాడన్నది మా అమ్మాయికి బాగా పట్టింది. ప్రభుత్వం ఎప్పుడు కదులుతుందన్నది కూడా పట్టింది, అది నేను చెప్పదలచుకోకపోయినా.

అసలు చిక్కు ఆ తర్వాతే వస్తుంది. అందరూ కలిసి వేసిన గొట్టాన్ని డబ్బివ్వనివాడూ వాడుకుంటాడు కదా, మరి నేనెందుకు ఇవ్వాలి? పిల్లలు ఇది తప్పకుండా అడుగుతారు, అడగకపోతే మీరే అడగండి. చందాలతో సరిపెట్టుకోకుండా చట్టమెందుకు, జరిమానాలెందుకు అన్నవాటికి జవాబు ఇందులోనే ఉంది.

దీనికి నాకు అక్కరకొచ్చింది ఫైరింజన్. 1666లో లండన్ తగలబడిన తర్వాత అక్కడ అగ్ని బీమా కంపెనీలు పుట్టాయి. బీమా తీసుకున్న ఇళ్ల గోడలకు తమ గుర్తు ఉన్న లోహపు బిళ్లలు కొట్టేవి, మంటలార్పడానికి సొంత దళాలు పెట్టుకున్నాయి. ఇక్కడ కథ ఆపి పిల్లలను అడగాలి: బిళ్ల లేని ఇల్లు అంటుకుంది, దాని పక్కనే బిళ్ల ఉన్న ఇల్లు. ఆర్పాలా, వద్దా? డబ్బు కట్టలేదు కనుక వద్దన్నాడు మావాడు. గాలి ఇటు వీస్తే, అంది వాళ్లక్క. ఆర్పక తప్పదని ఒప్పుకున్నాక మళ్లీ మెలిక పెట్టాడు: ఎలాగూ ఆర్పుతారని తెలిస్తే బీమా ఎవరు కడతారు? అక్కడి కంపెనీలూ చివరికి చేతులెత్తేశాయి. 1861లో టూలీ స్ట్రీట్ గోదాముల్లో చెలరేగిన మంటలు పూర్తిగా ఆరడానికి రెండు వారాలు పట్టింది. ఈ భారం ఇక మావల్ల కాదని అవి ప్రభుత్వానికి చెప్పేశాయి. 1866లో నగరమంతటికీ కలిపి ప్రభుత్వ అగ్నిమాపక దళం ఏర్పడింది.

ఎవరెంత ఇవ్వాలన్నది మాటలతో తలకెక్కదు. మా భవనంలోని పిల్లలకు ఉమ్మడిగా ఒక సైకిల్ పంపు, పంక్చర్ సామాను కావలసి వచ్చాయి. పెద్దలం డబ్బు ఇవ్వకుండా, వాళ్ల చేతిఖర్చుల్లోంచే వేసుకోమన్నాం. తలా ఇంత అని సమానంగా పంచుదామన్నాడొకడు. నాకు సైకిలే లేదు, నేనెందుకు ఇవ్వాలని ఇంకొకరు. మా ఇంట్లో నీకిచ్చినంత ఇవ్వరని మరొక అమ్మాయి. అందరికంటే చిన్నవాడు తన డబ్బాలో ఉన్నదంతా తెచ్చి కుమ్మరించి, వెంటనే ఏడుపు మొదలుపెట్టాడు. చివరికి వాళ్ల ఒప్పందం ఇది: ఎవరికి వచ్చే చేతిఖర్చులో వాళ్లు పదో వంతు ఇవ్వాలి, సైకిల్ లేనివాళ్లు అందులో సగం ఇస్తే చాలు. ఆ సగమైనా ఎందుకంటే, రేపు వాళ్లూ కొనుక్కుంటారు కదా!

ఒకడు ఇస్తానని ఇవ్వలేదు, పంపు మాత్రం దర్జాగా వాడుకున్నాడు. వాడిని ఏం చేయాలన్న దాని మీద సాయంత్రమంతా సభ నడిచింది. పంపు ముట్టుకోనివ్వవద్దన్నారు. కానీ వాడి టైర్లలో గాలి లేకపోతే వాడు రాడు, జట్టులో మనిషి తక్కువై ఆట చెడుతుంది. జరిమానా వేద్దామన్నారు. వసూలు చేసేది ఎవరు? వసూలు చేసినవాడు అందులో కొంత నొక్కేయడని నమ్మకమేమిటి? అప్పుడు లెక్కలు రాసి గోడకు అంటించాలని ఒక పిల్ల అంది. నేను పక్కన కూర్చుని నోరు మెదపలేదు. మీరూ ఇలాంటిది ఏదైనా పెడితే దయచేసి తీర్పు చెప్పకండి. పెద్దలు తీర్పు చెప్పిన మరుక్షణం వాళ్లకు అది బడిలో పాఠమైపోతుంది.

పదో వంతు లెక్క వచ్చిన పిల్లకు ఆదాయ పన్ను శ్లాబులు అర్థమైపోతాయి. చాలామంది పెద్దలకే ఇందులో పొరపాటు అభిప్రాయం ఉంది, జీతం పెరిగి పై శ్లాబులోకి వెళ్తే మొత్తం జీతానికీ ఎక్కువ రేటు పడుతుందని. నా దగ్గరకు వచ్చేవాళ్లు నెలకొకరైనా ఇదే భయంతో వస్తారు. నాణేలు తీసి మూడు కుప్పలుగా పేర్చి చూపించండి. మొదటి 100 నాణేలకు పన్ను లేదు, తర్వాతి 100కు పది శాతం, ఆపైన ఉన్నవాటికి ఇరవై శాతం అనుకుందాం. 250 నాణేలు సంపాదించిన మనిషి మొదటి కుప్పకు ఏమీ కట్టడు, రెండో కుప్పకు 10, మిగిలిన 50కి 10, మొత్తం 20 కడతాడు. ఇరవై శాతం పడేది ఆ చివరి కుప్పకే. ఇది తెలిసిన పన్నెండేళ్ల పిల్ల కుటుంబ సమావేశాల్లో మేనమామలను సరిదిద్దుతుంది, కాస్త ఇబ్బందే.

మీ అబ్బాయికి మాత్రం శ్లాబుల కంటే బిల్లు ముఖ్యం. వాడు కొనుక్కున్న బొమ్మ బిల్లులో పన్ను ఎంతో వాడితోనే వెతికించండి. వస్తువు తయారై చేతులు మారే ప్రతి దశలో, అక్కడ పెరిగిన విలువ మీద కొద్దికొద్దిగా వేసే పన్నును 1954లో ఫ్రాన్స్ మొదలుపెట్టింది. ఆ పద్ధతి ఇప్పుడు నూట అరవైకి పైగా దేశాల్లో ఉంది. కనుక పిల్లలు పన్ను కట్టరన్నది నిజం కాదు. ఈ సంగతి తెలిశాక మావాడి నడకే మారింది. పార్కులోకి ఇంటి యజమానిలా అడుగుపెట్టడం మొదలుపెట్టాడు.

వింత పన్నుల కథలు కూడా కాలక్షేపానికి బాగుంటాయి. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల లెక్కన పన్ను వేశారు. జనం కిటికీలు ఇటుకలతో మూసేసుకుని చీకట్లో కూర్చున్నారు. రష్యాలో పీటర్ చక్రవర్తి గడ్డాల మీద పన్ను వేసి, కట్టినవాళ్లకు బిళ్లలు ఇచ్చాడు. దేని మీద పన్ను వేస్తే జనం దాన్ని తగ్గించుకుంటారని పిల్లలు వెంటనే పట్టేస్తారు. పొగాకు మీద పన్ను ఎందుకు ఎక్కువో వేరే చెప్పక్కర్లేదు.

ఖర్చు వైపు వచ్చేటప్పటికి వంద నాణేలు ఇచ్చి బడులు, ఆసుపత్రులు, రోడ్లు, రక్షణ, వృద్ధుల పింఛన్లు, చెత్త ఎత్తడం అని చీటీలు రాసి పంచమనండి. మావాళ్లు మొదటి విడతలో సగం జంతుప్రదర్శనశాలకు ఇచ్చారు. రెండు చీటీలు మాత్రం పిల్లలు ఎప్పుడూ రాయరు, పెద్దలకూ గుర్తుండవు: కట్టినదాన్ని బాగు చేయించుకునే ఖర్చు, పాత అప్పుల మీద వడ్డీ. వాటిని మీరు కలపండి, పంపకమంతా తలకిందులవుతుంది. ఇంకా పుట్టనివాళ్ల నెత్తిన అప్పు ఎలా పెడతారని మా అమ్మాయి నిలదీసింది. వంతెన కోసం చేసిన అప్పయితే వాళ్లూ ఆ వంతెన మీద నడుస్తారు కదా అన్నాను. రోజువారీ ఖర్చులకు చేసిన అప్పు సంగతేమిటంది. దానికి సమర్థన వెతకవద్దని నా సలహా. దుబారా ఉంటుంది, అవినీతి ఉంటుంది, ప్రజల డబ్బుతో కట్టినదాని మీద అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు నాయకులు తమ పేర్లు చెక్కించుకోవడమూ ఉంటుంది. ఇవన్నీ దాచిపెట్టి పన్ను పవిత్రమైనదని చెబితే, పదిహేనో ఏట మీరు చెప్పిన మిగతావీ నమ్మరు.

ఇక ఆ రెండో ముక్క, "మీరెందుకు ఊరుకున్నారు?" ఊరుకోనక్కర్లేదన్నదే జవాబు. 1773లో, అమెరికా ఇంకా బ్రిటన్ పాలనలో ఉండగా, బోస్టన్ రేవులో ఓడలెక్కి తేయాకు పెట్టెలు సముద్రంలో పారేసినవాళ్ల అభ్యంతరం కేవలం పన్ను ఉందని కాదు, తమ ప్రతినిధులు లేని బ్రిటిష్ పార్లమెంటు దాన్ని వేసిందని. ఎంత వేయాలో, దేనికి ఖర్చు పెట్టాలో చెప్పేవాళ్లను మనం ఓటుతో ఎన్నుకునేచోట, ఓటు వేయడానికి వెళ్లేటప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్లండి. ప్రభుత్వ బడ్జెట్ ప్రతులు అందరికీ అందుబాటులో ఉంటాయి. పట్టికలో ఒక్క పేజీ చాలు, బడులకు ఎంత పెట్టారో చూపించండి. ఓటు లేని వయసులో వాళ్లు చేయగలిగింది అడగడం. పార్కులో ఊయల గొలుసు తెగి ఉందని మావాడు సంబంధిత కార్యాలయానికి ఉత్తరం రాశాడు. చాలాకాలం జవాబు లేదు, తర్వాత గొలుసు మార్చారు. వాడి ఉత్తరం చూసి మార్చారో, తమంతట తామే మార్చారో మాకు తెలియదు, వాడికీ అదే చెప్పాను.

అలాంటి ఉత్తరం రాయించాలనుకుంటే మీరు రాసి పిల్లవాడితో సంతకం చేయించకండి. ఏది పాడైంది, సరిగ్గా ఎక్కడ, ఎప్పటినుంచి అన్న మూడూ వాడి మాటల్లోనే ఉండనివ్వండి. ఒక నకలు దగ్గర పెట్టుకోండి, పంపిన తేదీ దాని మీద వాడితోనే వేయించండి. జవాబు రాకపోతే మళ్లీ రాసేటప్పుడు ఆ తేదీ అవసరమవుతుంది.