మోకరించలేని వయసులో ప్రార్థన

ప్రశ్న: నాకు 74 ఏళ్లు. వేకువనే లేచి మోకరించి ప్రార్థించడం, రోజుకు మూడు అధ్యాయాలు చదవడం చిన్ననాటి నుంచీ అలవాటు. ఇప్పుడు మోకాళ్లు వంగడం లేదు, చదువుతుండగానే కునుకు పడుతోంది. నా భక్తి సన్నగిల్లిందా?
– ఒక పాఠకురాలు, బాపట్ల

జవాబు: అమ్మా, సన్నగిల్లింది మోకాళ్ల సత్తువే గాని భక్తి కాదు. సమూయేలు రెండవ గ్రంథం 7వ అధ్యాయంలో దావీదు దేవుని సన్నిధిలో కూర్చునే ప్రార్థించాడు. అవసాన కాలంలో యాకోబు చేతికర్ర మీద ఆనుకొని దేవునికి నమస్కరించాడని హెబ్రీ పత్రిక 11:21 చెబుతోంది. కాబట్టి వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చుని, కావాలంటే ఒడిలో దిండు పెట్టుకుని దానిపై బైబిలు ఉంచుకోండి.

మొత్తం 1,189 అధ్యాయాలను ఏడాదిలో ముగించాలన్న లెక్కను ఇక పక్కన పెట్టవచ్చు. రోజుకొక కీర్తన చాలు. 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు. ముసలితనంలో తనను విడిచిపెట్టవద్దని వేడుకునే 71వ కీర్తనను మాత్రం పెద్ద అక్షరాలలో మనవళ్ల చేత రాయించుకుని మంచం పక్కన ఉంచుకోండి. చూపు అలసిన రోజున ఫోనులో తెలుగు బైబిలు పఠనం వినవచ్చు, అదీ చదవడమే. కునుకు మాటకొస్తే, వేకువ సమయమే కావాలన్న నియమం ఏదీ లేదు. కాఫీ తాగి, కాస్త తెల్లవారాక కూర్చుని చూడండి. రాత్రి మెలకువ వచ్చినప్పుడు పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా తలచుకుంటూ ప్రార్థించే తల్లులు మన సంఘాలలో ఎందరో ఉన్నారు.