బానిసత్వ చరిత్రపై పరిశోధనా? ముందు పేర్లు వెతకండి

అమెరికా బానిసత్వ చరిత్ర మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది, బానిసలను తరలించిన ఓడల ప్రయాణాల గణాంకాలతో మొదలుపెట్టవచ్చా అని అడిగారు. వద్దు. ఇదే పనిలో ఉన్న పరిశోధక విద్యార్థిగా గట్టిగా చెబుతున్నాను. సుమారు 1.25 కోట్ల మంది ఆఫ్రికన్లను అట్లాంటిక్ ఓడలెక్కించారన్న అంచనాను ఒక పేజీలో రాసి ముందుకు సాగండి. మనుషుల పేర్లు వెతకండి.

1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టిక వేరుగా ఉంటుంది. యజమాని పేరు రాసి, దాని కింద ఒక్కొక్కరికి ఒక్కో వరుస: వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పేరుకు గడే లేదు. పారిపోయినవారిని గుర్తించడానికి మాత్రం గడి పెట్టారు! వీళ్లలో అత్యధికులు పేర్లతో జనాభా లెక్కలకెక్కింది 1870లోనే.

అంతకు వెనక్కి వెళ్లాలంటే నా లెక్కలో ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు రిజిస్టర్లను మించినవి లేవు. బానిసత్వం నుంచి విముక్తులైనవారి పొదుపు కోసం 1865లో పెట్టిన బ్యాంకు అది. ఖాతా తెరిచేవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల పేర్లు, చాలాచోట్ల పాత యజమాని పేరు కూడా రాసుకునేవారు. ఆ మైక్రోఫిల్మ్ తిప్పుతూ ఒక చాకిరేవు మనిషి ఖాతా దగ్గర ఆగిపోయాను. తోబుట్టువుల పేర్లకు ఉన్న జాగా చాలక గుమాస్తా కాగితం అంచు వెంట నిలువుగా రాసుకుంటూ పోయాడు. రెండు పేర్ల పక్కన ‘అమ్మేశారు’ అని ఉంది. ఎవరికో, ఎక్కడికో లేదు. సంతకం చోట ఇంటూ గుర్తు. డబ్బు దాచుకోవడానికి వచ్చిన ఆమె, చెల్లాచెదురైన తన కుటుంబాన్నంతా ఒక్క పేరూ వదలకుండా చెప్పి రాయించింది. 1874లో ఆ బ్యాంకు మూతపడింది. కష్టార్జితం దాచుకున్న వేలమందిలో చాలామందికి పైసా తిరిగి రాలేదు.

ఇలాంటి పేర్లకు సూచికలు తయారుచేసి, పూర్వీకులను వెతుక్కునే వాళ్ల మునిమనవల దగ్గరే చందాలు వసూలు చేసే వంశవృక్షాల వ్యాపారమంటే నాకు ఒళ్లు మండుతుంది. ‘ఆ చరిత్ర మనకెందుకు’ అనే మనవాళ్ల మీదా అంతే కోపం. కోరమాండల్ తీరంలో నేసి నీలిరంగు వేసిన గుడ్డను ఐరోపా వర్తకులు ‘గినీ గుడ్డ’ పేరుతో పశ్చిమాఫ్రికాకు తీసుకెళ్లి, దానికి బదులుగా మనుషులను కొన్నారు. సంబంధం లేదని ఎలా అంటారు?

మీరైతే ఆ బ్యాంకుకు దక్షిణ కరోలినాలో ఉన్న ఛార్లెస్టన్ శాఖ వంటి ఒక్క శాఖ రిజిస్టరు తీసుకోండి. అందులో దొరికిన యజమాని పేరు పట్టుకుని ఆ జిల్లా కోర్టులోని వీలునామాలు, ఆస్తి జాబితాలు చూడండి. కంచరగాడిదల ధరల పక్కనే మనుషుల పేర్లూ, వాళ్లకు కట్టిన ధరలూ కనిపిస్తాయి. అయితే ముందుగా 19వ శతాబ్దపు చేతిరాత చదవడం నేర్చుకోండి. అది రాకపోతే ఇవేవీ మీకు అక్కరకు రావు.