భుజం రిపోర్టులో ‘72 శాతం’ అంటే అంత అరిగిపోయినట్టా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. నాలుగేళ్లుగా కుడి భుజం నొప్పి. చొక్కా తొడుక్కోవాలన్నా సాయం కావాలి. ఎక్స్‌రే చూసి ఆర్థరైటిస్ అన్నారు. ఆపరేషన్ ఆలోచిద్దామంటూ సీటీ తీయించారు. అందులో ‘పోస్టీరియర్ సబ్‌లక్సేషన్ 72 శాతం’ అని రాశారు. భుజం ముప్పాతిక వంతు జారిపోయిందని ఇంట్లో అందరం భయపడుతున్నాం. కట్టు కట్టిస్తే చోటుకి వస్తుందని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ‘పోస్టీరియర్ సబ్‌లక్సేషన్’ అంటే కీలు లోపలి బంతి కొంత వెనక్కి జరగడం. 72 అనేది అరుగుదల శాతం కాదమ్మా. భుజం అంత జారిపోయిందనీ కాదు. సీటీలో అడ్డకోత చిత్రం ఒకటి తీసుకుని, రెక్క ఎముక లోపలి అంచు నుంచి, చేతి ఎముక బంతి ఆనే గిన్నె మధ్యకు గీత గీస్తారు. అదే గీతను పొడిగిస్తే చేతి ఎముక బంతిని రెండుగా చీలుస్తుంది. గీతకు వెనక పడిన భాగం ఎంతో ఆ అంకె చెబుతుంది. బంతి నడిమధ్యలో ఉంటే 50. సాధారణంగా 55 దాటితే వెనక్కి జరిగిందంటాం. మీ నాన్నగారిది స్పష్టంగానే జరిగింది, కానీ కీలు ఊడిపోలేదు.

చెంచాలో నిమ్మకాయ పందెం గుర్తు తెచ్చుకోండి. భుజం గిన్నె కూడా ఆ చెంచాలా లోతు తక్కువది. వెనక అంచు అరిగిన కొద్దీ బంతి అటే ఒరుగుతుంది, ఒరిగిన కొద్దీ ఆ అంచే ఇంకా అరుగుతుంది. అరిగిన ఎముకను ఏ కట్టూ తిరిగి తేలేదు. దయచేసి లాగించడం, తోయించడం చేయకండి. పడిపోయాకో, మూర్ఛ వచ్చాకో చేయి ఒక్కసారిగా బయటికి తిరగకపోతే మాత్రం అది వేరే సంగతి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఆ కొలతను ఎంతవరకు నమ్మాలి? మనిషి పడుకున్నప్పుడు రెక్క ఎముక ఏటవాలుగా ఉంటుంది. యంత్రం కోసిన చిత్రం మీద నేరుగా గీత గీస్తే కోణం మారిపోతుంది. అందుకే కంప్యూటర్‌లో రెక్క ఎముకను త్రీడీలో నిలబెట్టి, దాని తలానికి తగ్గట్టు మళ్లీ కోసి కొలవాలి. స్కాన్‌లో రెక్క ఎముక మొత్తం రాకపోతే గీత మొదలుపెట్టడానికే చోటుండదు. మీ రిపోర్టు విషయంలో ఈ రెండూ అడగండి.

ఇంత పట్టింపు ఆపరేషన్ కోసమే. ఫ్రాన్స్‌లోని లియాన్ సర్జన్ జిల్ వాల్ష్ బృందం 1999లో గిన్నె అరుగుదలను రకాలుగా విభజించింది. బంతి వెనక్కి జరిగినవి అందులో ‘బి’ రకం. వీటిలో మామూలు కీలు మార్పిడి చేస్తే కొత్త గిన్నె వెనకవైపే భారం మోసి వదులయ్యే ముప్పు ఎక్కువ. గిన్నె వెనక్కి తిరిగిన వంపు కొద్దిగా ఉంటే దాని ముందు అంచును చెక్కి సరిచేస్తారు. ఆ వంపు సుమారు 15 డిగ్రీలు దాటితే అలా చెక్కడానికి ఎముక చాలదు. అప్పుడు వెనకవైపు మందంగా ఉండే గిన్నె గానీ, బంతిని గిన్నె వైపు బిగించే రివర్స్ కీలు గానీ వాడతారు. భుజం కండరాల పట్టీలు చిరిగాయో లేదో ఎంఆర్‌ఐలో చూసి ఆ నిర్ణయం తీసుకుంటారు.

అంకె చూసి ఆపరేషన్‌కు తొందరపడక్కర్లేదు. రాత్రి నిద్ర పడుతోందా, అన్నం తినగలుగుతున్నారా అన్నదే నాకు ముఖ్యం. ఫిజియోథెరపీ నొప్పి రానంత మేరకే చేయించండి. కిడ్నీ, బీపీ చూపించుకోకుండా నొప్పి మాత్రలు రోజూ వాడొద్దు. దగ్గర్లో ఆపరేషన్ అనుకుంటే భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దు. ఇంజెక్షన్ అయిన మూడు నెలల్లోపు కీలు మారిస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఫిల్ములతో పాటు సీటీ సీడీ కూడా పట్టుకెళ్లండి, త్రీడీ కొలత దాన్నుంచే తీస్తారు.