మోకాలి ఆపరేషన్లు పెరుగుతున్నాయి... మా అమ్మాయిని ఫిజియోథెరపీలో చేర్చవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటుకు సరిపడా మార్కులు రాలేదు. ఈ మధ్య మా అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించిన ఫిజియోథెరపిస్టును చూసి, తనూ బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేస్తానంటోంది. ఆపరేషన్లకే రోబోలు వచ్చేశాయి కదా, ఈ కోర్సుకు భవిష్యత్తు ఉంటుందా అని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: తప్పకుండా ఉంటుంది. మన దేశంలో ఇప్పుడు పదిమందిలో ఒకరు అరవై దాటినవాళ్లు. 2050 నాటికి ఐదుగురిలో ఒకరు అవుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. ఖర్చు సంగతీ చూడండి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల (లోపల అమర్చే కృత్రిమ కీళ్ల) ధరలకు పరిమితి పెట్టింది. అప్పటిదాకా లక్షన్నర పైన అమ్మిన కోబాల్ట్ క్రోమియం లోహపు సెట్టు, పన్ను కాక 54,720 రూపాయలకు దిగింది. దాంతో మధ్యతరగతి వాళ్లకూ ఆపరేషన్ చేయించుకునే ధైర్యం వచ్చింది.

తుంటి కీలు కథ వేరు. మన దగ్గర తుంటి మార్పిడి చేయించుకునేవారిలో, రక్తం అందక ఎముక దెబ్బతిన్న ముప్పై, నలభై ఏళ్లవాళ్లు చాలామంది. 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, మార్చిన కీళ్లలో 25 ఏళ్లు నిలిచినవి మోకాళ్లలో 82 శాతం, తుంటి కీళ్లలో 58 శాతం. చిన్న వయసులో వేయించుకున్నవాళ్లకు రెండో ఆపరేషన్ అవసరం పడవచ్చు. అప్పుడు కోలుకోవడం ఇంకా కష్టం, ఫిజియో అవసరమూ ఎక్కువే.

ఇక రోబో. ఎముకను ఎక్కడ, ఏ కోణంలో కోయాలో కచ్చితంగా చూపించడంలో, కోయడంలో సర్జన్‌కు సాయపడుతుంది, అంతే. ఆ తర్వాత మోకాలు వంచాల్సింది, చాపాల్సింది పేషెంటే. ఆపరేషన్ రోజునో మర్నాడో వాకర్ పట్టించి నడిపిస్తారు. అసలు పని ఇంటికి వచ్చాక మొదలవుతుంది. హాయిగా ఉందని పెద్దవాళ్లు మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటారు. వారాల తరబడి అలాగే ఉంటే కాలు పూర్తిగా చాపడం రాదు, కుంటు పడుతుంది. ఫిజియో వచ్చి ఆ దిండు తీయించి, మడమ కింద చుట్టిన టవల్ పెట్టి, మోకాలిని కిందికి నొక్కమంటారు. పేషెంటు నొప్పంటారు, ఇంట్లోవాళ్లు వద్దులే అంటారు. అక్కడ ఒప్పించి చేయించడం ఏ యంత్రమూ చేయలేని పని. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని సొంతూరు చేరినవాళ్లకు ఇలా చేయించే మనిషి దొరకడం కష్టం. మీ అమ్మాయికి అవకాశం మీలాంటి జిల్లా పట్టణాల్లోనే ఎక్కువని నా గట్టి నమ్మకం.

ఒక మాట ముందే చెప్పాలి. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువ. ఆర్థోపెడిక్స్‌లో (ఎముకలు, కీళ్ల విభాగంలో) ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీ పీజీ చేశాకో, సొంతంగా పేషెంట్లను చూడడం మొదలుపెట్టాకో పరిస్థితి మెరుగవుతుంది. మనుషుల్ని పట్టుకుని లేపడం, నిలబెట్టడం ఒంటికి శ్రమే. అమ్మాయితో ఇది కూడా మాట్లాడండి.

బీపీటీ ప్రవేశాల నిబంధనలు, కోర్సు కాలం మారుతున్నాయి. అందుకే పాత సీనియర్ల మాట మీద కాకుండా, ఈ ఏడాది హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ చూసి అప్లై చేయండి. కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం బిల్డింగ్ చూసి మోసపోవద్దు. ఆర్థో వార్డు ఉన్న ఆసుపత్రి దానికి అనుబంధంగా ఉందా, ఏ ఏడాది నుంచి విద్యార్థుల్ని వార్డులోకి పంపుతారు అని ఫీజు కట్టకముందే అడగండి. వీలైతే అమ్మాయిని తీసుకెళ్లి, ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడించండి.